చింతపండు సాక్ష్యం

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం చెప్పేవారున్నారా" అని అడుగుతారు. కాసేపు ఎవరూ కదలరు. తర్వాత ఎవరో ఒకరు గొంతు సవరించుకుని లేస్తారు, దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు, అందరం ఆమేన్ అంటాం. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఏ పద్ధతీ లేదు. ఇన్నేళ్లలో ఆ అవసరం ఎవరికీ వచ్చినట్టు లేదు. నాకు వచ్చింది. ఈస్టర్ రోజున నేను లేచి, చింతపండు మానేస్తే నా కీళ్లనొప్పులు పోయాయని చెప్పాను. ఆ మాట విని ఒక పెద్దావిడ డాక్టరిచ్చిన మాత్రలు మానేసింది. తర్వాత నా నొప్పులు తిరిగొచ్చాయి. ఆవిడ వేళ్లు రోజురోజుకీ వంకర తిరుగుతున్నాయి. ఇదీ సంగతి. మిగతాది నెమ్మదిగా చెబుతాను, గబగబా చెప్పే ఓపిక లేదు.

నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో హైవే పక్కన ఒక హోటల్లో గదులు సర్దుతాను. మా ఆయన మస్కట్‌లో వెల్డింగ్ చేసి, అక్కడి నుంచి ఈ మంచులోకి వచ్చారు. ఎండ ఎక్కువైందని చలిలోకి పారిపోయిన మొదటి గోదావరి మనిషి ఈయనే అయ్యుంటారు. ఆయన వెనక నేను వచ్చాను, నా వెనక ఈ ఉద్యోగం వచ్చింది. మంచం పని చూడ్డానికి సుఖంగానే ఉంటుంది. పరుపు మూల ఎడమ చేత్తో ఎత్తి పట్టుకోవాలి, కుడి చేత్తో దుప్పటిని లోపలికి తోయాలి, తోశాక వేళ్లతో గట్టిగా దువ్వాలి. మంచానికి నాలుగు మూలలు, గదికి రెండు మంచాలు, రోజుకి పద్నాలుగు గదులు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, ఆ లెక్క నన్ను చెయ్యమనకండి. నా వేళ్లు చేసి పెట్టుకున్నాయి.

మొదట కుడి చేతి మధ్య వేలు పట్టేసింది. పోనీలే అనుకున్నాను. తర్వాత నొప్పి ఎడమ మోకాలికి వెళ్లింది, అక్కడ రెండు వారాలుండి భుజానికి ఎక్కింది, ఒకసారి దవడకి కూడా వెళ్లొచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చిన చుట్టంలా ఒంట్లో చూడవలసిన చోట్లన్నీ చూసింది. గడువు అయిపోయినా వెళ్లలేదు. పొద్దున్న లేవగానే పిడికిలి మూసుకునేది కాదు. సింకులో వేడినీళ్లు పట్టి చేతులు ముంచుకుని నిలబడేదాన్ని. మా ఆయన అది చూసి, "నానబెట్టడం అయిందిగా, రుబ్బేదెప్పుడు?" అన్నారు. నా దగ్గర నేర్చుకున్న వెటకారమే, నా మీదే వాడారు.

ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆ క్లినిక్‌లో ఒక విజిట్‌కి ఒకే సమస్య చెప్పాలని గోడకి కాగితం అంటించారు. వేళ్ల గురించి చెప్పనా, మోకాలి గురించి చెప్పనా అని అరగంట సేపు నాలో నేనే ఎన్నికలు పెట్టుకున్నాను. వేళ్లు గెలిచాయి. ఆయన నొక్కి చూశారు, రక్తం తీయించారు, ఎక్స్‌రే తీయించారు. రెండు వారాలకి పిలిచి అన్నీ నార్మల్ అన్నారు. నార్మల్ అయితే ఈ నొప్పి ఎవరిదో చెప్పండి, వాళ్లకి ఇచ్చేసి వస్తానని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. నవ్వారు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగారు. లేదన్నాను. స్పెషలిస్టుకి రాస్తాను, అపాయింట్‌మెంట్ లెటర్ వస్తుంది, కొన్ని నెలలు పట్టొచ్చు అన్నారు. ఆ ఉత్తరం కోసం చూసి చూసి పోస్టు డబ్బా తాళం తిప్పడానికి కూడా వేళ్లు నొప్పి పుట్టాయి.

డాక్టర్ దగ్గర పేరు దొరకని జబ్బుకి సంఘంలో వంద పేర్లు దొరుకుతాయి. మా ఆరాధన ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లీషువాళ్ల చర్చి అద్దెకు తీసుకుని జరుపుకుంటాం. అయిపోయాక కింద హాల్లో టీ. ఆ టీ దగ్గర అక్కయ్యలందరూ నా చేతులు పట్టుకుని చూశారు. వంకాయ వాతమని ఒకావిడ, బంగాళదుంప అంతకంటే వాతమని ఇంకొకావిడ. శనగపప్పు, మినప్పప్పు మానెయ్యమన్నారు, టమాటా, గోంగూర మానెయ్యమన్నారు. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అమ్మాయి ఫోను చూసి గోధుమలు, పాలు, పంచదార మూడూ విషమేనంది. చింతపండు ఎముకల్లో గుజ్జు లాగేస్తుందని మూడు జిల్లాలవాళ్లు ఏకగ్రీవంగా చెప్పారు. మిగతా ఏ విషయంలోనూ ఆ మూడు జిల్లాలూ కలవడం నేను చూడలేదు.

మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. అది మాత్రం ఒక కాగితం మీద గళ్లు గీసిచ్చింది. ఒకసారి ఒకటే మానాలట, మూడు వారాలు చూడాలట, రోజూ నొప్పి ఎంతుందో రాయాలట, తర్వాత అది మళ్లీ తిని చూడాలట. "వన్ థింగ్ ఎట్ ఎ టైమ్, మమ్మీ" అని రెండుసార్లు చెప్పింది. నా దగ్గర ముద్దాయిలు పదిమంది ఉన్నారు. ఒక్కొక్కరి విచారణకి మూడు వారాలంటే తీర్పు వచ్చేసరికి మళ్లీ మంచు పడుతుంది. అంతకాలం ఎవరాగుతారు?

ఇంతలో శ్రమకాలం వచ్చింది. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు మా వాళ్లు ఏదో ఒకటి మానేస్తారు. ఒకరు మాంసం, ఒకరు టీ, ఒకరు టీవీ సీరియళ్లు. నేను అక్కడే తప్పు చేశాను. ఎలాగూ మానాలి, ఎలాగూ నలభై రోజులు, పథ్యాన్నీ ఉపవాసాన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించేద్దాం అనుకున్నాను. దేవుడికీ పనవుతుంది, మోకాలికీ పనవుతుంది. శ్రమకాలం మొదటి రోజు, బూడిద బుధవారం పొద్దున్నే పదింటినీ ఒకేసారి ఇంట్లోంచి గెంటేశాను. మా అమ్మాయి గీసిన గళ్ల కాగితం వంటింటి సొరుగులో అడుగున పడింది.

ఆ నలభై రోజులూ రాగిజావ, ఉడకబెట్టిన సొరకాయ, పలచటి పెసరపప్పు. మా ఇంట్లోంచి తిరగమోత వాసన రాకపోయేసరికి పక్కింటివాళ్లు మేం ఇల్లు ఖాళీ చేశామనుకుని ఉంటారు. మా ఆయన మూడో రోజే లంచ్ బాక్సు మూత తీసి, ఇది ఎవరి కోసమో పొరపాటున నాకు పెట్టావని ఫోన్ చేశారు. అన్నీ మానేయగలిగాను. పాలు లేని టీ తాగాను, బంగాళదుంపని చూసి మొహం తిప్పుకున్నాను. చింతపండు దగ్గరే ప్రాణం పోయింది. సంఘంలో అందరం కలిసి తినే ప్రేమ విందు ఎప్పుడు జరిగినా చేపల పులుసు నాదే. ఇక్కడి చెరువుల్లో చేపకి రుచి లేకపోయినా పులుసుతో దానికి మర్యాద తెచ్చిపెట్టేదాన్ని. మిగతావి మానేయడం పథ్యం. చింతపండు మానేయడం నా పేరు మార్చుకున్నట్టే అయింది.

నాలుగో వారంలో ఒక పొద్దున్న పిడికిలి బిగిసింది. రెండు చేతులూ. మా ఆయన మొహం ముందు పెట్టి చూపించాను.

"ఎవర్ని కొట్టడానికే?"

"వరసలో ముందు మీరే ఉన్నారు."

అలా నవ్వి చాలా రోజులైంది. అయిదో వారానికి మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకోవలసిన పని లేకపోయింది.

ఈస్టర్ ఆదివారం అయ్యగారు సాక్ష్యం కోసం అడగ్గానే నేనే లేచాను. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడ రెండో తప్పు. ఆహారం మార్చాను, నొప్పి తగ్గింది అని ఊరుకుంటే సరిపోయేది. కానీ పది సరుకుల పేర్లు చదివితే ఎవరు వింటారు? చెప్పే కథకి ఒక్క దొంగ ఉండాలి. నేను ఎక్కువ ఏడ్చింది చింతపండు కోసం. అంత కష్టపడి వదిలింది దాన్నే కాబట్టి అసలు దోషి అదే అయ్యుండాలని తీర్మానించేశాను. మా వాళ్లం త్యాగాన్ని బట్టి దీవెనని కొలుస్తాం, అది చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. లేచి, నా ఒంట్లో దెయ్యం పేరు చింతపండు అని మొదలుపెట్టాను. నవ్వారు. వెళ్లగొట్టడానికి నలభై రోజులు పట్టిందన్నాను. ఇంకా నవ్వారు. పిడికిలి మూసి ఎత్తి చూపించాను. హాలంతా ఆమేన్ అంది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఏం చెప్పినా నవ్వడమే తప్ప నమ్మడం ఎరగని జనం ఆ రోజు రెండూ చేశారు.

తర్వాతి ప్రేమ విందులో పులిహోర నిమ్మకాయతో చేశారు. సాంబారు ఎవరూ తేలేదు. చింతపండు లేకుండా పులుసు అని ఒకావిడ ఏదో తెచ్చింది, దానికోసం మాత్రం మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు టీచర్ ఆంటీ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. గుంటూరు వైపు ఊళ్లలో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరయ్యాక కొడుకూ కోడలి దగ్గరికి వచ్చారు. మా శుక్రవారం ప్రార్థన వాళ్ల ఇంటి బేస్‌మెంట్లోనే జరుగుతుంది. ఆవిడది నాలాగా పేరు దొరకని నొప్పి కాదు. కీళ్లవాతమని ఇండియాలోనే తేల్చారు, వారానికోసారి వేసుకునే మాత్రలున్నాయి, వాటితో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు. నన్ను మొదటిసారి చూసినప్పుడే ఎంతవరకు చదివావని అడిగారు. ఎనిమిది అన్నాను. ఎందుకు మానేశావన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర మనిషికో జవాబు ఉంటుంది. కొందరికి బడే నన్ను చూసి భయపడిందని చెబుతాను. కొందరికి లెక్కల మాస్టారికి నా మీద జాలేసి వదిలేశారని చెబుతాను. ఆవిడకి, తొమ్మిదో తరగతి గదిలో ఫ్యాను లేదని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పరీక్ష పేపరు మీద ఎర్ర సిరాతో సున్నా పెట్టినట్టు నా వైపు చూశారు.

అలాంటి మనిషి ఈస్టర్ రోజు నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, నీ మాట నాకు బాగా తగిలింది అమ్మాయ్ అన్నారు. బతుకులో మొదటిసారి ఒక టీచర్ నన్ను మెచ్చుకుంది కదా అని ఇంటికెళ్లే దాకా కారులో మా ఆయనకి అదే చెప్పాను. ఆవిడ మెచ్చుకోవడమే కాదు, నమ్మారని అప్పుడు నాకు తెలియదు.

మే నెలలో నొప్పి తిరిగొచ్చింది. ఈసారి తిన్నగా వేళ్లలోకే వచ్చింది, దారి తెలుసు కదా. నేను చింతపండు ముట్టలేదు. వంకాయ ముట్టలేదు. మళ్లీ వేడినీళ్ల సింకు దగ్గర నిలబడి ఏం తిన్నానా అని తవ్వుకుంటుంటే మా అమ్మాయి వచ్చి, శ్రమకాలంలో హోటల్లో పని ఎలా ఉండేదని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో కార్పెట్లు మార్చడానికి మూడో అంతస్తు మూసేశారు. నాకు రోజుకి ఏడెనిమిది గదులే పడేవి. ఈస్టర్ అయిన వారానికి అంతస్తు తెరిచారు, పద్నాలుగూ వెనక్కి వచ్చాయి. ఆ కార్పెట్ల సంగతి నేను దేవుడికీ చెప్పలేదు, చింతపండుకీ చెప్పలేదు.

"యూ చేంజ్డ్ టెన్ థింగ్స్ ఎట్ వన్స్, మమ్మీ," అంది మా అమ్మాయి. "ఎలెవెన్, విత్ ది కార్పెట్."

పోనీ పని వల్లేనా అంటే అదీ తెలియదు. సెలవు పెట్టిన వారం కూడా మోకాలు పట్టేసింది. ఫ్యామిలీ డాక్టర్ని మళ్లీ అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు, స్పెషలిస్టు చూస్తే తెలుస్తుందన్నారు.

ఆదివారాలు కష్టంగా గడిచాయి. హాల్లోకి అడుగు పెట్టగానే ఎవరో ఒకరు, "ఎలా ఉంది సిస్టర్, చేతులు బాగున్నాయా" అని అడిగేవారు. దేవుని కృప అనేదాన్ని. అది అబద్ధం కాదు, అలాగని జవాబూ కాదు. పాటలప్పుడు అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఒక్కో చప్పట్లో వేళ్లు విరిగినట్టుండేది. చేతులు శాలువా కింద దాచుకుని ఊగేదాన్ని. ఆత్మలో బాగా లీనమైపోయానని ఒకావిడ అనుకుందట. నవ్వించే మనిషికి ఉన్న చిక్కు ఇదే. మొహం వేలాడేసినా ఏదో వేషం కడుతోందనుకుంటారు.

జులైలో ఒక శుక్రవారం టీచర్ ఆంటీ ఇంటి బేస్‌మెంట్లో పాటల పుస్తకాలు పంచుతున్నారు. ఆవిడ నాకు పుస్తకం అందించినప్పుడు అది జారిపోయింది. తీసివ్వబోతూ ఆవిడ చేతులు చూశాను. కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. చిటికెన వేలు పక్క వేలు మీదికి వాలిపోతోంది. ఈస్టర్‌కి ముందు ఆ చేతులు అలా లేవు. ప్రార్థన అయ్యాక మెట్ల పక్కన పట్టుకుని అడిగాను. చింతపండు మానేశానని గర్వంగా చెప్పారు. మాత్రలో అని అడిగాను.

"నువ్వు చెప్పిన రోజు నుంచే ఆపేశా. రెండూ ఎందుకు? నీకు మాత్రల్లేకుండానే తగ్గలా? మావాడికి చెప్పబాక."

ఆంటీ, నావి తిరిగొచ్చేశాయి, మే నెలలోనే వచ్చేశాయి, నేనే చెప్పలేదు, మీరు మాత్రలు వేసుకోవాలి అని మెల్లగా చెప్పాను. ఆవిడ కళ్లద్దాల మీదుగా చూశారు.

"అయితే నీకు విశ్వాసం చాల్లేదు. అందరి ముందూ నిలబడి చెప్పిన మాట నేను పట్టుకున్నా అమ్మాయ్. చెవిలో చెప్పే మాట నాకు లెక్కలేదు."

ఆవిడ అన్నది సబబే. అందుకే అంత గుచ్చుకుంది.

వారం రోజులు గదులు సర్దుతూ అదే ఆలోచించాను. ఆవిడ కొడుక్కి చెప్పేస్తే సరిపోతుంది, కానీ చెప్పొద్దని అడిగిన మనిషి వెనక చెప్పడానికి నోరు రాలేదు. అలాగని ఊరుకుంటే ఆ చిటికెన వేలు ఇంకో వారం వాలుతుంది. అందరి ముందూ లేచి కాదని చెబితే ఇంకెప్పుడూ నన్నెవరూ నమ్మరు. నమ్మకపోతే పోయిందేముంది, యాభై ఏళ్లుగా అలాగే బతికానుగా అనుకున్నాను. కానీ ఒక్కసారి నమ్మించుకున్న రుచి వదల్లేకపోయాను. చింతపండు వదలడం దాని ముందు ఎంత. గురువారం రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన సొరకాయ ముక్కని కంచంలో ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతూ విన్నారు.

"చెప్పెయ్. నీ జోకులకి ఎవరూ నవ్వని రోజులు కూడా ఉన్నాయిగా. చచ్చిపోలేదుగా."

ఆదరణ అంటే ఆయన దృష్టిలో అదే.

మర్నాడు శుక్రవారం ప్రార్థనలో, టీచర్ ఆంటీ బేస్‌మెంట్లో, అయ్యగారు ఎవరైనా సాక్ష్యం అని అడగ్గానే నేను లేచాను. అందరూ ముందే నవ్వడానికి సిద్ధంగా నా వైపు తిరిగారు. నేను శాలువా తీసేసి కుర్చీ మీద పెట్టి, పిడికిలి మూయబోయి, మూతపడని చెయ్యి అలాగే ఎత్తి చూపించాను.

"ఈస్టర్‌కి చెప్పింది వెనక్కి తీసుకుంటున్నానండి. నా నొప్పులు మే నెలలోనే తిరిగొచ్చాయి. మీరు అడిగినప్పుడల్లా కృప అన్నాను గానీ నొప్పి అనలేదు. నేను పది రకాలు ఒకేసారి మానేశాను, పని కూడా సగం తగ్గింది, దేని వల్ల తగ్గిందో నాకు తెలియదు. చింతపండు అని ఎందుకన్నానంటే, అది మానడం నాకు ఎక్కువ కష్టమైంది, అంతే. ఎవరైనా నా మాట విని మాత్రలు మానేసి ఉంటే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను చదివింది ఎనిమిది. ఆయన అంతకంటే ఎక్కువే చదివి ఉంటారు."

చివరి మాటకి ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్లు నవ్వకపోయేసరికి వాళ్లూ ఆపేశారు. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన పెట్టిన పాత ఫ్రిజ్ గుర్రుమనడం వినిపించింది. వెనక వరసలో ఒకావిడ, రెండు ప్యాకెట్ల చింతపండు పారేశానని పక్కావిడతో గొణిగింది. అయ్యగారు కాసేపు బైబిలు అట్ట మీద వేలితో రాస్తూ ఉండి, నొప్పితో ఉన్న మన సహోదరి కోసం ప్రార్థన చేద్దాం అన్నారు. చేశారు. నేను కూర్చుంటుంటే మోకాలు టక్కుమంది, అదొక్కటే ఆమేన్ అన్నట్టు.

టీచర్ ఆంటీ నా వైపు చూడలేదు. టీ కప్పులు తీసే వేళకి పైకి వెళ్లిపోయారు. నేను చెప్పులు వేసుకోబోతుంటే పై నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, పైకి రా."

హెడ్‌మాస్టారి గదికి పిలిచినట్టే నా కాళ్లు కదిలాయి. ఆవిడ గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నారు. నన్ను తలుపు వెయ్యమన్నారు. సొరుగులో చీరల అడుగు నుంచి మాత్రల సీసా తీసి నా ముందు పెట్టారు. సగానికి పైగా ఉంది. తిడతారనుకుని తల వంచుకున్నాను.

"శీతాకాలం నుంచే ఈ మూత నాకు రావట్లేదు," అన్నారు. "నొక్కి తిప్పాలంట. పిల్లలు తియ్యకుండా అట్లా చేస్తారంట. ఒక వారం కోడల్ని అడిగా. ఇంకో వారం అడిగా. మూడో వారం ఏం అడుగుతాంలే అని ఊరుకున్నా. ఇంతలో నువ్వు లేచి చెప్పావు. దేవుడే మూత బిగించాడనుకున్నా."

ఎంతమందికి పలక పట్టుకోవడం నేర్పిన చేతులో అవి. ఒక ప్లాస్టిక్ మూత దగ్గర ఓడిపోయి, ఆ సంగతి చెప్పుకోలేక, నా పిట్టకథని అడ్డం పెట్టుకున్నాయి. నా తప్పు తగ్గిందా అంటే తగ్గలేదు. కాకపోతే దాని పక్కన కూర్చోవడానికి ఇంకొకటి దొరికింది. ఫార్మసీలో అడిగితే మామూలు మూత పెట్టి ఇస్తారని చెప్పాను. ఆవిడకి తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. డాక్టర్‌తో మాట్లాడకుండా మళ్లీ మొదలుపెట్టొద్దని కూడా చెప్పాను.

"నాకు పాఠం చెప్పబాక. రేపు మావాడితో నేనే చెబుతా, వాడే డాక్టర్‌కి ఫోన్ చేస్తాడు. ముందు ఇది వస్తదో రాదో చూడు."

నేను తీసుకుని నొక్కాను. నొక్కితే తిప్పలేను, తిప్పితే నొక్కలేను. మూత కటకటమని అక్కడే తిరిగింది. హ్యాండ్‌బ్యాగులో హోటల్ రబ్బరు తొడుగు ఉంటే వేసుకున్నాను. అయినా రాలేదు. ఆవిడ తీసుకుని ప్రయత్నించారు. పిల్లలు తీయకుండా చేసిన మూతని ఒక టీచరూ ఒక ఎనిమిదో తరగతీ కలిసి కూడా తీయలేకపోయారు. ఆవిడ సీసా మంచం మీద పెట్టారు, నేనూ పక్కన కూర్చున్నాను.

"అసలు బడి ఎందుకు మానేశావు?" అన్నారు ఆవిడ, సీసా వైపే చూస్తూ.

ఫ్యాను లేదనడానికి నోరు తెరిచాను. ఆ రోజు ఇంకో జోకు చెప్పే ఓపిక లేకపోయింది. మా అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేసేదని చెప్పాను. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. నేను ఎనిమిదిలో ఉండగా అమ్మ వేళ్లు ముడుచుకుపోయి రొయ్యని పట్టుకోలేకపోయింది. బల్ల దగ్గర చోటు ఖాళీ అయితే ఇంకొకరికి ఇచ్చేస్తారు, అందుకని నన్ను నిలబెట్టారు. మా వీధిలో అందరూ ఆవిడకి వంకాయ మానెయ్యమన్నారు. మానేసింది. పప్పు మానెయ్యమన్నారు, మానేసింది. పోయే దాకా వంకాయ తినలేదు. వేళ్లు మాత్రం వెనక్కి రాలేదు.

"ఏ జబ్బన్నారు?" అని అడిగారు ఆంటీ.

జబ్బని ఎవరూ అనలేదని చెప్పాను. మా ఇంట్లో దాన్ని ఐసు నీళ్లు అనేవాళ్లు. ఆ మాట నా నోటి నుంచి వస్తుండగా, ఫ్యామిలీ డాక్టర్ మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగడం, నేను తడుముకోకుండా లేదనడం గుర్తొచ్చాయి. వెనక్కి తీసుకోవలసిన మాట ఇంకొకటి మిగిలే ఉందన్నమాట. సోమవారం ఫోన్ చేయాలి. ఒక విజిట్‌కి ఒకే సమస్య. ఈసారి మా అమ్మ పేరు చెప్పాలి.

ఆంటీ సీసా మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. నన్ను దగ్గరికి జరగమన్నారు. సీసా ఒళ్లో నిలబెట్టి, వేళ్లు పనికిరావని పక్కకి తీసి, రెండు అరచేతుల మడమలూ మూత మీద పెట్టారు.

"నేను నొక్కుతా. నువ్వు తిప్పు."

ఆవిడ బరువంతా వేసి నొక్కారు. నేను రబ్బరు తొడుగుతో మూత అంచు పట్టుకుని, మణికట్టు తిరగకపోతే భుజంతో సహా పక్కకి వాలిపోయాను. మూడోసారికి ఊడింది. నాలుగు మాత్రలు చీర మీద పడ్డాయి. ఒక్కొక్కటే ఏరి సీసాలో వెయ్యడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. మూత పెట్టబోతుంటే ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి, బిగించొద్దు, ఊరికే పైన పెట్టు అన్నారు.